పసిగుండెకు కార్డు భరోసా

*పిల్లల గుండెకు చిల్లు పడితే, పుట్టుకతోనే చెవులు వినిపించకపోతే, రక్తక్యాన్సర్ వస్తే... లక్షల్లో అయ్యే వైద్యాన్ని పేదింటి బిడ్డకు ఉచితంగా అందించే పథకాలు ఉన్నాయి. కానీ డబ్బు సిద్ధంగా ఉన్నా కొందరు పిల్లలకు అది అక్కరకు రావడంలేదు. ఎందుకంటే జబ్బుకు గడువుంది!*

పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతుంది బిడ్డ. నుదుటి మీద చిరుచెమట. నాలుగు గుక్కలకే అలిసి నిద్రపోతుంది. నెలలు గడుస్తున్నా ఒళ్లు చేయదు. 'దిష్టి తగిలింది' అంటుంది నాయనమ్మ. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. 'తల్లిపాలు చాలడంలేదేమో' అంటారు ఇరుగుపొరుగు. డబ్బాపాలు పట్టిస్తారు. మాటిమాటికీ దగ్గూ జలుబూ వస్తుంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళతారు. 'నిమ్ము చేసింది' అని సూదిమందు వేసి పంపుతాడు.

అసలు సంగతి వేరు. ఆ పసిగుండెలో చిల్లుంది. గుండె గదుల మధ్య గోడ పూర్తిగా మూసుకోకుండానే బిడ్డ పుట్టింది. చిన్న చిల్లయితే దానంతటదే పూడిపోవచ్చు. పెద్దదైతే ఆపరేషన్ చేయాలి. సకాలంలో చేస్తే ఆ బిడ్డ అందరు పిల్లల్లాగే బడికెళుతుంది, పరుగులు తీస్తుంది. ఆ ఆపరేషన్‌కు తల్లిదండ్రులు రూపాయి కూడా కట్టక్కర్లేదు. నెలనెలా బియ్యం తెచ్చుకునే కార్డే ఆధారం. ఈ చివరి మాట తెలియకే చాలా ఇళ్లలో నెలలు గడిచిపోతాయి. అక్కడే వస్తోంది అసలు చిక్కు.

తాకట్టు నుంచి ట్రస్టు దాకా...

పాతికేళ్ల కిందట 'పిల్లాడి గుండెకు ఆపరేషన్ చేయాలి' అన్న మాట వింటే కూలీల ఇంట్లో మొదట గుర్తొచ్చేది వడ్డీవ్యాపారి. ఉన్న అరెకరం అమ్మకానికి వచ్చేది. పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లేది. ఏదీ లేనివాళ్లు ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం హైదరాబాద్ బస్సెక్కేవారు. డబ్బు మంజూరయ్యేదాకా జబ్బు ఆగదు కదా! 1991లో మొదలైన పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసేవారు. ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని ఎత్తుకుని అక్కడికి చేరేవాళ్లు తల్లిదండ్రులు.

2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సహాయనిధికి వచ్చే దరఖాస్తులు బాగా పెరిగాయి. వాటిలో చిన్నారుల గుండె జబ్బులవి కూడా ఉండేవి. ఒక్కొక్కరికి విడివిడిగా సాయం చేసే బదులు పేదలందరికీ ఒక పథకం పెడితే నయమన్న ఆలోచన అలా వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలివిడతకు ఎంచుకున్నవి అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలు. కరవుకూ వలసలకూ పేరుపడ్డవే మూడూ! 2008 జులై కల్లా పథకం మొత్తం 23 జిల్లాలకూ విస్తరించింది.

కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అది చాలకపోతే మరో 50 వేలు. అప్పట్లో పరిమితి అది. మొదట్లో ప్రభుత్వం ప్రీమియం కట్టి ఓ బీమా సంస్థ ద్వారా నడిపించింది. తర్వాత చాలా చికిత్సలకు ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆస్పత్రులకు చెల్లించడం మొదలుపెట్టింది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఖరీదైంది కాబట్టి దానికి మామూలు పరిమితిని పక్కనపెట్టి, మాటలు నేర్పే శిక్షణతో కలిపి ఆరున్నర లక్షల దాకా ఇచ్చేలా ఏర్పాటు చేశారు. అంతవరకూ కాక్లియర్ ఇంప్లాంట్ అంటే కలవారి పిల్లలకే!

ఇప్పుడు ఎంత వస్తుంది?

రాష్ట్రం రెండయ్యాక పథకమూ రెండు దారులు పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014 తర్వాత 'ఎన్టీఆర్ వైద్యసేవ' అయింది. 2019 తర్వాత 'వైఎస్సార్ ఆరోగ్యశ్రీ'గా మారింది. 2024 నుంచి మళ్లీ 'ఎన్టీఆర్ వైద్యసేవ'. తెలంగాణలో 'ఆరోగ్యశ్రీ' పేరే నిలిచింది. పేరు ఏదైనా పని ఒకటే. జనం నోట్లో మాత్రం రెండుచోట్లా ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే.

2023 డిసెంబరులో రెండు రాష్ట్రాలూ పరిమితిని పెంచాయి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో రూ.25 లక్షలు అయింది. జబితాలో ఉన్న చికిత్సలు ఆంధ్రప్రదేశ్‌లో 3,200కు పైగా, తెలంగాణలో 1,800కు పైగా ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మరో మార్పుకు ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా సంస్థ, ఆపైన పేదలకు 25 లక్షల వరకూ ట్రస్టు భరించే విధానమది.

వీటితోపాటు కేంద్ర ప్రభుత్వ పథకం ఆయుష్మాన్ భారత్ ఉంది. 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైంది. కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షలు. తెలంగాణ ఇందులో 2021లో చేరింది. రెండు రాష్ట్రాల్లోనూ ఇది రాష్ట్ర పథకంతో కలిసే నడుస్తోంది.

పిల్లల వరకూ ఆయుష్మాన్ భారత్‌లో ఓ మంచి మార్పు ఉంది. అంతకుముందు 2008లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కుటుంబానికి రూ.30 వేలే. అదీ అయిదుగురికే! అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలతో కార్డు నిండిపోయేది. మూడో బిడ్డకు చోటుండేది కాదు. ఆయుష్మాన్ భారత్‌లో ఆ లెక్క తీసేశారు. ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఏ వయసువారైనా చోటుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకూ మొదటిరోజు నుంచే వర్తిస్తుంది. ఈ మాట పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లలకు ప్రాణం లాంటిది. సొంతంగా కొనుక్కునే బీమాల్లో చాలావాటికి పాత జబ్బుల విషయంలో ఏళ్ల తరబడి ఆగాల్సిన షరతు ఉంటుంది మరి.

జబ్బుకూ గడువుంది!

డబ్బు సంగతి అలా కొంత కుదుటపడింది. మరి సమయం సంగతి? పెద్దవాళ్ల మోకాలి ఆపరేషన్ ఆర్నెల్లు ఆలస్యమైతే ఆర్నెల్లు నొప్పి భరిస్తారు. పిల్లల జబ్బులు అలా ఆగవు. ఒక్కోదానికీ ఒక్కో గడువు.

గుండె: చిల్లు పెద్దదైనప్పుడు ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా వెళుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే అక్కడి రక్తనాళాలు గట్టిపడి పోటు పెరిగిపోతుంది. ఆ దశ దాటితే చిల్లు మూయడం కూడా ప్రమాదమే. కార్డులో పాతిక లక్షలున్నా డాక్టరు చేయగలిగింది ఉండదు. పెదాలూ గోళ్లూ నీలంగా మారే రకం గుండె లోపాలైతే చాలామందికి మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ కావాలి. కొన్ని లోపాలకు ఇప్పుడు ఛాతీ కోయనవసరం లేదు. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి, గొడుగులాంటి పరికరంతో చిల్లు మూసేస్తున్నారు.

చెవి: బిడ్డ మాటలు నేర్చేది విని. వినపడకపోతే మాట రాదు. మెదడు మాటల్ని పట్టుకునే అసలు వయసు మొదటి మూడేళ్లు. అందుకే నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు లోపం నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలంటారు వైద్యులు. 'వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అని నాలుగేళ్లు ఆగితే, ఇంప్లాంట్ పెట్టినా ఫలితం తగ్గిపోతుంది.

కన్ను: నెలలు నిండకముందే పుట్టిన పిల్లల్లో కంటి రెటీనా దెబ్బతినే ప్రమాదముంది. 34 వారాలకన్నా ముందు పుట్టినా, బరువు రెండు కిలోలకన్నా తక్కువున్నా పుట్టిన 30 రోజుల్లోపు కళ్లు పరీక్ష చేయించాలి. లేజర్‌తో చూపు కాపాడొచ్చు. ఆలస్యమైతే శాశ్వతంగా చూపు పోతుంది. ఇక్కడ గడువు వారాల్లోనే!

పాదం: వంకర పాదాలతో పుట్టిన బిడ్డకు మొదటి వారాల నుంచే వారానికోసారి పిండికట్టు మారుస్తూ పాదాన్ని మెల్లగా సరిచేస్తారు. చాలామందికి అయిదారు కట్లు, మడమ దగ్గర చిన్న గాటుతో సరిపోతుంది. ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిపూట ప్రత్యేకమైన బూట్లు వేయాలి. 'కాలు బాగైంది కదా' అని బూట్లు మానేస్తే వంకర తిరిగొస్తుంది.

థైరాయిడ్: పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంటే మెదడు ఎదగదు. మడమ దగ్గర నాలుగు చుక్కల రక్తం తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. రోజూ ఓ చవకైన మాత్ర వేస్తే చాలు. రెండు వారాల్లోపు మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది.

రక్తక్యాన్సర్: తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు. ఇవి కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్తక్యాన్సర్ మంచి వైద్యంతో చాలామందికి పూర్తిగా నయమవుతోంది. కానీ చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. సగంలో మానేయడమే ఇక్కడ పెద్ద శత్రువు.

ఎవరు కనిపెట్టాలి?

గడువులోపు జబ్బును పట్టుకోవడానికీ ఓ ఏర్పాటు ఉంది. 2013 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకూ ప్రతి బిడ్డనూ పరీక్షించడం దీని పని. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, పిల్లల జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం... ఈ నాలుగింటి కోసం వెతుకుతారు. పుట్టులోపాల్లోనే తొమ్మిది రకాలున్నాయి. గుండె లోపం, చెవుడు, శుక్లం, గ్రహణం మొర్రి, వంకర పాదాలు వాటిలో కొన్ని.

కాన్పు జరిగిన ఆస్పత్రిలోనే బిడ్డను తల నుంచి కాలి దాకా చూడాలి. ఇంటికి వెళ్లాక ఆరు వారాల వరకూ ఆశా కార్యకర్త వచ్చి చూస్తుంది. ఆ తర్వాత సంచార వైద్యబృందం వంతు. ఇద్దరు డాక్టర్లు, ఓ నర్సు, ఓ ఫార్మసిస్టు ఉండే ఈ బృందం ప్రతి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడినుంచి అవసరమైతే పెద్దాస్పత్రికి.

కాగితం మీద చక్కని గొలుసు ఇది. ఒక్క లంకె ఊడినా బిడ్డ జారిపోతుంది. బృందం వచ్చినరోజు పిల్లాడు బడికి రాకపోవచ్చు. తల్లిదండ్రులు ఇటుక బట్టీకో, మిరప కోతలకో వెళ్లి పిల్లల్నీ వెంట తీసుకెళ్లి ఉండొచ్చు. డాక్టరు రాసిచ్చిన చీటీ గూట్లోనే ఉండిపోవచ్చు. 'పిల్లాడు ఆడుకుంటూనే ఉన్నాడుగా, ఏమైంది వాడికి?' అన్న ఒక్క మాటతో ప్రయాణం వాయిదా పడొచ్చు. అందుకే అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో వెంటపడి ఆస్పత్రి దాకా తీసుకెళ్లిన ఊళ్లలో ఈ కార్యక్రమం బాగా పనిచేస్తుంది. లేనిచోట చీటీలే మిగులుతాయి.

ఆస్పత్రిలో ఏం జరుగుతుంది?

చాలామందికి భయం ఇక్కడే. 'అంత పెద్దాస్పత్రిలో మనల్ని ఎవరు పట్టించుకుంటారు?' అనుకుంటారు. పథకంలో ఉన్న ప్రతి ఆస్పత్రిలోనూ ఆరోగ్యమిత్ర ఉంటారు. లోపలికి వెళ్లగానే అడగాల్సింది ఆ బల్ల ఎక్కడని! కార్డు చూసి వివరాలు నమోదు చేస్తారు. డాక్టరు పరీక్షించి ఏ చికిత్స కావాలో రాస్తారు. ఆ వివరాలు, పరీక్షల ఫలితాలు ఆన్‌లైన్‌లో ట్రస్టుకు వెళతాయి. అక్కడి డాక్టర్లు చూసి అనుమతి ఇస్తారు. అప్పుడు చికిత్స మొదలవుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అనుమతి కోసం ఆగరు. ఫోన్‌లోనే అనుమతి తీసుకుని చేర్చుకుంటారు.

ఆపరేషన్, మందులు, మంచం, రోగికి భోజనం అన్నీ ప్యాకేజీలోనే. ఇంటికి పంపేటప్పుడు కొన్నిరోజులకు సరిపడా మందులూ ఇస్తారు. కొన్ని చికిత్సల్ని ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించారు. కాబట్టి ప్రైవేటు ఆస్పత్రిలో 'ఇది ఇక్కడ కుదరదు' అంటే చికిత్సే లేదని అర్థం కాదు. ఎక్కడ కుదురుతుందో ఆరోగ్యమిత్రను అడగాలి. జాబితాలో ఉన్న చికిత్సకు ఎవరైనా పైన డబ్బు అడిగితే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఆయుష్మాన్ భారత్ గురించైతే 14555.

హైదరాబాద్‌లో నిలోఫర్, నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి పేదల పిల్లలకు పెద్దదిక్కు. రాయలసీమ వాళ్లకు ఇప్పుడు తిరుపతి దగ్గరైంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో అక్కడ శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించింది. పక్క రాష్ట్రాల్లోనూ కొంత వెసులుబాటు ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని కొన్ని ఆస్పత్రుల్నీ పథకంలో చేర్చింది.

కార్డులో పేరు లేని బిడ్డ

కార్డు ఉంది, జబ్బు దొరికింది, ఆస్పత్రీ దగ్గర్లోనే ఉంది. అయినా బల్ల దగ్గర ఆగిపోయే బిడ్డలున్నారు. కారణం, కార్డులో పేరు లేకపోవడం! పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు పేరు తండ్రి కార్డులోనే ఉంటుంది. కోడలి పేరు పుట్టింటి కార్డులో ఉంటుంది. వాళ్లకు పుట్టిన బిడ్డ పేరు రెంటిలోనూ ఉండదు. 'బడిలో వేసేటప్పుడు చూద్దాంలే' అనుకుంటారు. జబ్బు బడి దాకా ఆగదు కదా.

తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త రేషన్ కార్డులు రాక ఇలాంటి కుటుంబాలు చాలా ఎదురుచూశాయి. 2025లో కొత్త కార్డుల పంపిణీ, పేర్ల చేర్పు మొదలయ్యాయి. ఎక్కడున్నా మొదట చేయాల్సింది ఒకటే. బిడ్డ పుట్టగానే జనన నమోదు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుమేమీ ఉండదు. ఆ ధ్రువపత్రంతో కార్డులో పేరు చేర్పించాలి, ఆధార్ చేయించాలి. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలతో పని లేదు.

అంతలోనే జబ్బు చేస్తే? పసిబిడ్డ పేరు కార్డులో లేదని వెనక్కి వచ్చేయకూడదు. తల్లిదండ్రుల కార్డు, బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లితోనో తండ్రితోనో కలిసి దిగిన ఫొటో ఆధారంగా అనుమతి తీసుకునే వీలుంది. ఆరోగ్యమిత్రను గట్టిగా అడగాలి. అదీకాక జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేస్తే మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, రానూపోనూ వాహనం ఉచితం. దీనికి ఏ బీమా కార్డూ అక్కర్లేదు. కొవిడ్‌లో అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకుని 'పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్' కింద నమోదైన పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా రూ.5 లక్షల ఆయుష్మాన్ రక్షణ ఉంది.

కార్డు మోయని బరువు

ఇంతటి పథకంలోనూ కొన్ని ఖాళీలున్నాయి. ఇవి ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి కోసం పెట్టినవి. కానీ పిల్లల దీర్ఘకాలిక జబ్బుల్లో సగం వైద్యం ఇంట్లోనే నడుస్తుంది. పసివయసులో వచ్చే మధుమేహానికి రోజుకు మూడు నాలుగుసార్లు ఇన్సులిన్ కావాలి. గ్లూకోజ్ చూసుకునే పట్టీలు కావాలి. మూర్ఛకు ఏళ్లపాటు మాత్రలు వేయాలి. థలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులూ వాడాలి. నెలనెలా ఎదురయ్యే ఈ ఖర్చు ఒక్కసారి చేసే ఆపరేషన్‌కన్నా కుటుంబాన్ని ఎక్కువ కుంగదీస్తుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇన్సులిన్, మూర్ఛ మందులు ఉచితమే. అవి ప్రతి నెలా ఆగకుండా దొరకడమే ముఖ్యం. హైదరాబాద్‌లోని థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ లాంటి సంస్థలు కొందరికి అండగా ఉన్నాయి.

కాక్లియర్ ఇంప్లాంటూ అంతే. ఆపరేషన్‌తో పని అయిపోదు, అక్కడే మొదలవుతుంది. ఏడాదిపాటు శిక్షణకు తీసుకెళ్లాలి. చెవి వెనక పెట్టుకునే పరికరానికి బ్యాటరీలు, తీగలు మార్చాలి. అది పాడైతే మరమ్మతుకు వేలల్లో అవుతుంది. ఆ డబ్బు లేక పరికరం మూలపడితే బిడ్డ మళ్లీ నిశ్శబ్దంలోకే! అందుకే ఇంప్లాంట్ పెట్టించేముందే వారంటీ ఎన్నేళ్లో, తర్వాతి ఖర్చు ఎవరిదో అడిగి రాయించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద కూడా పేద పిల్లలకు ఇంప్లాంట్లు ఇస్తున్నారు. దానికోసం సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో అడగొచ్చు.

కనపడని ఖర్చు ఇంకోటుంది. రోగికి అన్నం పెడతారు సరే, పక్కన కూర్చున్న తల్లికి? బస్సు ఛార్జీలు, గది అద్దె, పోయిన కూలి... క్యాన్సర్ చికిత్స రెండేళ్లు సాగితే ఇవే వేలు దాటుతాయి. వైద్యం ఉచితమైనా కొందరు మధ్యలో మానేసేది ఇందుకే. ఇంటి దగ్గర ఉన్న మరో ఇద్దరు పిల్లల్ని చూసేదెవరన్న ప్రశ్నకు ఏ కార్డులోనూ జవాబు లేదు.

ఇక బకాయిల గొడవ. తమకు రావాల్సిన డబ్బు నెలల తరబడి ఆగిపోయిందంటూ 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆస్పత్రులు సేవలు నిలిపేశాయి. చర్చల తర్వాత మళ్లీ మొదలుపెట్టాయి. పెద్దవాళ్లకు అది వాయిదా. గడువున్న పసివాళ్లకు మాత్రం ఆ ఆగిన రోజులు తిరిగిరావు. పరిమితిని ఎన్ని లక్షలకు పెంచినా చెల్లింపు సమయానికి జరగకపోతే ఆ అంకె బిడ్డ దాకా చేరదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* పాలు తాగుతుంటే చెమట, ఆయాసం, బరువు పెరగకపోవడం, తరచూ నిమ్ము
* ఏడ్చినప్పుడు పెదాలు, నాలుక నీలంగా మారడం
* పెద్ద చప్పుడైనా ఉలిక్కిపడకపోవడం. ఏడాది దాటినా ఒక్క మాటా రాకపోవడం
* కంటిపాపలో తెల్లని మెరుపు. మూడు నెలలొచ్చినా అమ్మ ముఖం వంక చూడకపోవడం
* అయిదు నెలలకూ మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలకూ కూర్చోలేకపోవడం
* వారం దాటినా తగ్గని జ్వరం, ఒంటిమీద కమిలిన మచ్చలు, పాలిపోవడం

వీటిలో ఏది కనిపించినా జబ్బు ఉన్నట్టే అనుకుని భయపడక్కర్లేదు. డాక్టరుకు చూపించి లేదనిపించుకుంటే మనసు కుదుటపడుతుంది. మొదట దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ప్రభుత్వాస్పత్రికో తీసుకెళితే చాలు.

సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

* బిడ్డ పేరున్న రేషన్ కార్డు లేదా ఆరోగ్య కార్డు, వాటి నకళ్లు
* జనన ధ్రువపత్రం, తల్లీబిడ్డల రక్షణ కార్డు
* ఆధార్, బిడ్డకు ఇంకా లేకపోతే తల్లిదండ్రులది
* ఇంతకుముందు రాసిచ్చిన చీటీలు, పరీక్షల ఫలితాలు అన్నీ ఒకే సంచిలో
* ఆశా కార్యకర్త, ఆరోగ్యమిత్ర ఫోన్ నంబర్లు

ఇంట్లో పని మనిషి, అపార్టుమెంటు కాపలాదారు, పొలానికి వచ్చే కూలీలు... మన చుట్టూ ఇలాంటి కార్డులున్న కుటుంబాలు ఎన్నో. వాళ్లలో చదువు రానివాళ్లకు ఈ వివరాలేవీ చేరకపోవచ్చు. చంటిబిడ్డ ఉన్నవాళ్లు కనిపిస్తే రెండు మాటలు అడిగితే చాలు: 'బిడ్డ పేరు కార్డులో ఎక్కించారా? అంగన్‌వాడీలో డాక్టర్లు వచ్చినప్పుడు చూపించారా?' రెంటికీ 'లేదు' అని జవాబొస్తే, పని అక్కడినుంచే మొదలుపెట్టాలి.